దండలు తెచ్చిన చేతులే రాళ్లెత్తాయి



ఈ వారం వేరే సంగతి రాద్దామనుకున్నాము. కానీ మంగళవారం రాత్రి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అదే రాస్తున్నాము.

కుటుంబ ప్రార్థన అయిపోయాక మా చిన్నమ్మాయి ఫోను చూసుకుంటూ నవ్వుతోంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. "ఏమిటమ్మా అంత నవ్వు?" అని అడిగితే ఫోను మా చేతికిచ్చింది. పక్కపక్కన రెండు బొమ్మలు. ఒకటి బంగారు రంగు జుట్టున్న తెల్లని అమ్మాయి బొమ్మ, ఎవరో గీసింది. రెండోది నల్లజాతి అమ్మాయి ఫోటో. కింద ఒక వెటకారపు మాట. ఆ మాట ఇక్కడ రాయము. మా అమ్మాయికి అది స్నేహితుల గ్రూపులో వచ్చింది. తను చూసి నవ్వి, ఇంకో గ్రూపుకి పంపింది.

"ఎవరీ పాప?" అని అడిగాము. చెప్పింది. అరగంట సేపు మేము వాక్యం చెప్పాము. తను తల వంచుకుని అంతా విన్నది. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాము. ముందు ఆ పాప సంగతి మీకు తెలియాలి.

అమెరికాలో రిక్ రియార్డన్ అనే రచయిత ఉన్నారు. అంతకుముందు బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయన కొడుకుకి చదవడం కష్టమయ్యేది. అక్షరాలు తారుమారుగా కనిపించే డిస్లెక్సియా ఉండేది, ఒక చోట కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ కూడా ఉండేది. మన ఊళ్లో అయితే అలాంటి పిల్లవాణ్ణి మొద్దు అని, అల్లరి వెధవ అని ఒక్క మాటతో తేల్చేస్తాము. ఆ తండ్రి అలా తేల్చలేదు. రాత్రి పూట పక్కలో కూర్చోబెట్టుకుని గ్రీకు పురాణాల కథలు చెప్పేవాడు. తెలిసిన కథలు అయిపోయాక, అచ్చం తన కొడుకులాగే బడిలో వెనకబడ్డ పెర్సీ జాక్సన్ అనే పన్నెండేళ్ల కుర్రవాణ్ణి కల్పించి వాడినే వీరుణ్ణి చేశాడు. ఏ లోపాన్ని చూసి లోకం నవ్వుతుందో, ఆ కథలో అదే వాడి బలానికి గుర్తు. 2005లో అది 'ది లైట్నింగ్ థీఫ్' అనే పుస్తకమైంది. తర్వాత ఇంకో నాలుగు భాగాలు వచ్చాయి. దేశదేశాల పిల్లలు ఆ పుస్తకాల్లో తమను తాము చూసుకున్నారు.

"అయ్యగారూ, గ్రీకు దేవతల కథలు మనకెందుకు?" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. ఆ దేవతలను మేము మెచ్చుకోవడం లేదు. కానీ పౌలు ఏథెన్సులో నిలబడినప్పుడు ఆ ఊరివారి కవులు ఏం రాశారో తెలిసే మాట్లాడాడు (అపొ. కా. 17). మన పిల్లలు ఏ కథలు చూస్తున్నారో మనకు తెలియకపోతే వాళ్లతో ఏం మాట్లాడతాము?

2010లో ఆ పుస్తకాన్ని సినిమాగా తీశారు. పన్నెండేళ్ల పిల్లలను పెద్ద వయసు కుర్రాళ్లుగా మార్చారు. కథలో చాలా భాగం మారిపోయింది. పుస్తకం చదివిన పిల్లలకు మనసు విరిగింది. రచయితకు కూడా విరిగింది. సినిమా తీయకముందే, వయసు పెంచవద్దు, చదివిన పిల్లలు దూరమైపోతారు అని ఆయన నిర్మాతలకు రాశారు. వాళ్లు వినలేదు. 2013లో రెండో సినిమా వచ్చింది, అంతటితో ఆగిపోయింది.

తర్వాత చాలా ఏళ్లకు, అదే కథను సీరియల్‌గా తీయడానికి డిస్నీ సంస్థ ముందుకొచ్చింది. ఈసారి రచయితే దగ్గరుండి చూసుకున్నారు. 2022 మే నెలలో ముఖ్యమైన పిల్లల పేర్లు ప్రకటించారు. అందులో ఒకరు ఆర్యన్ సింహాద్రి, భారతీయ మూలాలున్న అబ్బాయి. ఇంకొకరు లియా జెఫ్రీస్, పన్నెండేళ్ల నల్లజాతి అమ్మాయి. అనబెత్ అనే పాత్ర ఆమెకిచ్చారు. పుస్తకంలో అనబెత్‌కు బంగారు రంగు జుట్టు, బూడిద రంగు కళ్లు అని రాసి ఉంది.

ఆ ఒక్క కారణంతో ఆ పసిపిల్ల మీద విరుచుకుపడ్డారు. ఇంకా ఒక్క సన్నివేశం కూడా ఎవరూ చూడలేదు. బాగా చేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా వందలమంది తిట్లు రాశారు. చివరికి తన టిక్‌టాక్ ఖాతా కూడా పోయిందని ఆ పాపే చెప్పుకోవలసి వచ్చింది.

కొద్ది రోజులకే రచయిత బహిరంగంగా జవాబు రాశారు. ఆయన మాటల సారాంశం ఇది: ఈ పాపను ఎంచుకున్నవాళ్లలో నేనున్నాను, కోపముంటే నా మీద చూపించండి, చిన్న పిల్లను వేధించడానికి ఏ సాకూ చెల్లదు, అనబెత్ అంటే జుట్టు రంగు కాదు, ఆమె ధైర్యం, తెలివి, అవి ఈ అమ్మాయిలో చూశాము.

ప్రియులారా, ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. బడిలో వెనక బెంచీకి నెట్టేసిన ఒక బిడ్డ కోసం ఒక తండ్రి చెప్పిన కథ అది. నువ్వు కూడా వీరుడివే, నీకూ ఇక్కడ చోటుంది అని చెప్పడానికే పుట్టిన కథ. ఆ కథను కాపాడుతున్నామంటూ ఇంకో బిడ్డను నీకు ఇక్కడ చోటు లేదన్నారు. పుస్తకంలోని అక్షరాన్ని కాపాడి, పుస్తకం ఎందుకు పుట్టిందో దాన్ని తొక్కేశారు.

అయితే అభిమానులందరినీ ఒకే గాటన కట్టి తిట్టడం కూడా న్యాయం కాదు. ప్రేమించినవాడికే కోపం వస్తుంది. ఒక పుస్తకం కష్టకాలంలో మనకు తోడైతే, దాన్ని ఎవరో తీసుకుని ఇష్టమొచ్చినట్టు మారిస్తే బాధ కలగదా? మన పాత కీర్తనకు కొత్త రాగం కడితే ముసలమ్మలు నొచ్చుకోరా? ఆ నొప్పి తప్పు కాదు. కథకు అన్యాయం జరిగితే జరిగిందని చెప్పవచ్చు. రియార్డన్ గారే చెప్పారు గదా. కానీ ఆయన ఎవరికి చెప్పారో చూడండి. మార్చే అధికారమున్న నిర్మాతలకు, మార్పు జరగకముందు, కారణం చూపించి చెప్పారు.

ఇంకొక ఉదాహరణ. సి. ఎస్. లూయిస్ గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. క్రైస్తవ విశ్వాసాన్ని గూర్చి గొప్ప పుస్తకాలు రాసిన పండితుడు. పిల్లల కోసం ఆయన రాసిన నార్నియా కథల్లో మొదటిది 1950లో వచ్చింది. అందులో అస్లాన్ అనే సింహం ద్రోహం చేసిన ఒక బిడ్డకు బదులుగా చనిపోయి తిరిగి లేస్తాడు. ఆ సింహం ఎవరిని చూపిస్తున్నాడో మీకు వేరే చెప్పనక్కరలేదు. 1959లో లూయిస్ గారు ఒక బీబీసీ రేడియో నిర్మాతకు ఉత్తరం రాశారు. రేడియోలో అయితే సరేగానీ, మనుషులు జంతు వేషాలు కట్టి తెర మీద ఆడితే మాత్రం ఒప్పుకోనని చెప్పారు. వేషం కట్టిన అస్లాన్ తన దృష్టిలో దైవదూషణ అవుతుందని కూడా రాశారు. ఎంత కఠినమైన మాట! కానీ సంబంధమున్న మనిషికి, స్నేహంగా, ఉత్తరంలో రాశారు. వేషం కట్టబోయే ఏ పిల్లవాణ్ణీ గాయపరచలేదు.

2025లో నార్నియాను మళ్లీ తీస్తున్నారని, అస్లాన్ గొంతు కోసం మెరిల్ స్ట్రీప్ అనే నటితో మాట్లాడుతున్నారని వార్తలొచ్చాయి. క్రైస్తవులు చాలామంది అభ్యంతరం చెప్పారు. అస్లాన్‌ను పుస్తకంలో ఉన్నట్టే ఉంచాలని మాకు కూడా ఉంది. దాచుకోము. కానీ ఆ అభ్యంతరం చెప్పినవాళ్లలో కొందరు, విశ్వాసులమని చెప్పుకునేవాళ్లే, ఆ పెద్దావిడ గురించి రాసిన మాటలు చదివితే, సింహాన్ని కాపాడబోయి సింహం ఎవరికి గుర్తో ఆయననే మరచిపోయారనిపించింది.

యాకోబు తన పత్రిక మూడో అధ్యాయంలో ఒకే నోటి నుండి దీవెనా శాపమూ వస్తున్నాయని బాధపడతాడు. ఒకే గుంపు నుండి కూడా వస్తాయి. జాక్ స్నైడర్ అనే దర్శకుడు 'జస్టిస్ లీగ్' అనే సూపర్‌హీరో సినిమా తీస్తుండగా, 2017లో ఆయన కుమార్తె ఆత్మహత్య చేసుకుంది. ఆయన పని వదిలి ఇంటికి వెళ్లిపోయారు. వేరొకరు పూర్తి చేసిన సినిమా అభిమానులకు నచ్చలేదు. స్నైడర్ తీసిన విధంగానే విడుదల చేయాలని ఏళ్ల తరబడి ఉద్యమం నడిపారు. చివరికి 2021 మార్చిలో నాలుగు గంటల సినిమాగా అది వచ్చింది. ఆ ఉద్యమంలో ఉన్నవాళ్లు ఆయన కుమార్తెను తలచుకుని, ఆత్మహత్యలను ఆపడానికి పనిచేసే సంస్థకు లక్షల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఎంత మంచి పని! అదే ఉద్యమం పేరు చెప్పుకుని ఇంకొందరు, తమకు నచ్చని మనుషులను తిట్టి బెదిరించారు. ఒకే జెండా కింద ఓదార్పు ఉంది, విషమూ ఉంది.

ఇదంతా చదువుతుంటే మాకు లుస్త్ర గుర్తుకొచ్చింది. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం, 8 నుండి 20 వచనాలు. ఈ రాత్రి ఇంట్లో అందరూ కలిసి చదవండి.

పుట్టుకతో కుంటివాడైన ఒక మనిషిని దేవుడు పౌలు ద్వారా లేవనెత్తాడు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. దేవతలే మనుషుల రూపంలో దిగి వచ్చారన్నారు. బర్నబాకు ద్యుపతి అని, పౌలుకు హెర్మే అని పేర్లు పెట్టారు. ఈ ఇద్దరు గ్రీకు దేవతలూ పెర్సీ జాక్సన్ కథలో కూడా ఉన్నారు. అంటే లుస్త్ర ప్రజల తలలో ఒక కథ ముందే ఉంది. దేవుని సేవకులిద్దరు కళ్లముందు నిలబడితే, వాళ్లెవరో తెలుసుకోలేదు. తమకు తెలిసిన కథలోని పాత్రలను తెచ్చి వాళ్లకు తొడిగారు. పూజారి ఎద్దులను, పూదండలను తెచ్చాడు. పౌలు, బర్నబా బట్టలు చింపుకుని, మేము కూడా మీలాంటి మనుషులమే అని అరిచి, ఎంతో కష్టం మీద ఆపగలిగారు.

తర్వాత ఏమైంది? వేరే ఊళ్ల నుండి కొందరు వచ్చి జనాన్ని రెచ్చగొట్టారు. దండలు తెచ్చిన ఊరే పౌలును రాళ్లతో కొట్టింది. చనిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేసింది.

మనం అనుకుంటాము, దండ ప్రేమకు గుర్తు, రాయి ద్వేషానికి గుర్తు అని. లుస్త్రలో ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. ఎందుకంటే దండ వేసినప్పుడు కూడా వాళ్లు పౌలును చూడలేదు. తమ తలలో ఉన్న బొమ్మనే చూశారు. ఆ బొమ్మకు సరిపోయినంతసేపు దండ, సరిపోకపోతే రాయి. మనిషి మాత్రం ఎప్పుడూ కనబడలేదు.

అటునుంచి ఇటు కూడా జరుగుతుంది. 1988లో బ్యాట్‌మాన్ సినిమాకు మైకేల్ కీటన్ అనే నటుణ్ణి తీసుకున్నారు. హాస్యపాత్రలు వేసేవాడు, వీడెలా బ్యాట్‌మాన్ అవుతాడు అని నిర్మాణ సంస్థకు సుమారు 50,000 ఉత్తరాలు వచ్చాయని చెబుతారు. 1989లో సినిమా వచ్చాక అవే నోళ్లు మెచ్చుకున్నాయి. 2023లో ఆయన మళ్లీ అదే వేషంలో కనబడితే చప్పట్లు కొట్టారు. హీత్ లెడ్జర్ అనే కుర్రవాణ్ణి 2006లో జోకర్ పాత్రకు తీసుకుంటే, పనికిరాడని ఎగతాళి చేశారు. 2008 జనవరిలో, సినిమా విడుదల కాకముందే, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో అతను చనిపోయాడు. 2009లో ఆ పాత్రకే ఆస్కారు ఇచ్చారు. దండ వచ్చేసరికి మెడ లేదు. అంతకుముందు రాసిన మాటలను వెనక్కి తీసుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇదంతా, ఇంతకన్నా చిన్న మాటల్లో, మంగళవారం రాత్రి మా అమ్మాయికి చెప్పాము. ఆ నటి ఇంచుమించు నీ ఈడుదే, ఆ సీరియల్ పేరుతో మళ్లీ ఈ బొమ్మలు తిప్పుతున్నారు, నువ్వు కూడా ఒక రాయి అందించావు అన్నాము. అప్పుడు తను అడిగిన ప్రశ్న ఇది.

"మరి ఆ అక్కను తీసేసి నన్నెందుకు నిలబెట్టారు డాడీ?"

మా నోట మాట రాలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మగారి చేతులు కూడా ఆగిపోయాయి.

మన సంఘంలో చాలామందికి ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. కరోనాకు ముందు వచ్చిన క్రిస్మస్. సండే స్కూలు పిల్లలతో నాటకం వేయించాము. ఇటుక బట్టీ పనికి వేరే ప్రాంతం నుండి వచ్చిన ఒక కుటుంబం అప్పుడు మన మందిరానికి వచ్చేది. వాళ్ల అమ్మాయి ఎనిమిదో తరగతి. పేరు రాయము. ఆ పిల్ల గొంతు దేవుడిచ్చిన వరం. లూకా మొదటి అధ్యాయంలో మరియ పాడిన కీర్తన మొత్తం తప్పు లేకుండా నేర్చుకుంది. మరియ వేషం తనకే ఇచ్చాము. మూడు వారాలు, పని నుండి వచ్చిన తల్లి చీకట్లో తోడుగా వచ్చి, రిహార్సల్ అయ్యేదాకా గుమ్మం దగ్గరే కూర్చునేది.

పండుగకు రెండు రోజుల ముందు కొందరు పెద్దలు వచ్చారు. "అయ్యగారూ, మరియమ్మ అంటే క్యాలెండర్లో ఎలా ఉంటుంది? తెల్లగా, కళగా ఉంటుంది గదా. ఈ పిల్ల బట్టీ పిల్ల, మరీ నలుపు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తారు, బాగుండదు. మన పాప ఉంది గదా" అన్నారు. మన పాప అంటే మా చిన్నమ్మాయే. అప్పుడు ఆరో తరగతి. మాటలు కూడా సరిగా రావు.

ప్రియులారా, మేము కాదనలేదు. ఆ పెద్దల మీద నెపం పెట్టి తప్పించుకోము. కాపరి మేమే. సరేనన్నది మేమే. మా బిడ్డను అందరూ మెచ్చుకుంటారన్న చిన్న ఆశ కూడా ఆ సరేలో ఉంది. అది ఒప్పుకోవడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంకొక తప్పు కూడా చేశాము. మా అమ్మాయికి ఆ కీర్తన రాదు. అందుకని ఆ పిల్లను పిలిచి, "తల్లీ, తెర వెనక నిలబడి నువ్వు పాడు, పాప ముందు నిలబడుతుంది" అన్నాము. ఆ పిల్ల సరేనండీ అయ్యగారూ అంది. పండుగ రాత్రి పాడింది కూడా, ఒక్క మాట తప్పలేదు. దేవుడు దీనులను లేవనెత్తాడని, గర్వించినవారిని చెదరగొట్టాడని చెప్పే ఆ కీర్తనను తెర వెనక చీకట్లో పాడింది. ముందు నీలం ముసుగు వేసుకుని మా అమ్మాయి పెదవులు కదిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. సంక్రాంతి తర్వాత ఆ కుటుంబం మందిరానికి రావడం మానేసింది. ఆ వేసవిలో ఊరు వదిలి వెళ్లిపోయింది. మేము ఒక్కసారి కూడా వాళ్ల పాక దగ్గరికి వెళ్లలేదు.

పుస్తకంలో జుట్టు రంగు రాసి ఉంది అని చెప్పుకోవడానికి ఆ అమెరికా అభిమానులకు కనీసం ఒక వాక్యం ఉంది. మనకు ఏముంది? మన చేతిలో ఉన్న గ్రంథం మొదటి పుట నుండి చివరి పుట దాకా వెతకండి. మరియ ఒంటి రంగు గురించి ఒక్క మాట లేదు. ఆమె ఎండ కాసే గలిలయలో, నజరేతు అనే చిన్న పల్లెలో ఉన్న పిల్ల. అక్కడి నుండి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు లాంటివాడే సందేహపడిన ఊరు. ఆ తెల్లని ముఖం యూరపు చిత్రకారులు తమ ఊరి ఆడపిల్లలను చూసి గీసింది. అది అచ్చయి క్యాలెండరుగా మన గోడ ఎక్కింది. మనం గ్రంథాన్ని కాపాడలేదు. క్యాలెండర్ను కాపాడాము. ఊరివాళ్లు చిన్నచూపు చూసే పని చేసుకుంటూ, కీర్తన అంతా గుండెలో పెట్టుకున్న ఆ పిల్ల, గ్రంథంలోని మరియకు మనందరికన్నా దగ్గరగా ఉంది. మనకది కనబడలేదు. లుస్త్ర ప్రజలకు పౌలు కనబడనట్టే.

కాబట్టి యవ్వనస్థులారా, సినిమా చూసి రాసేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఇవి మీకు మాత్రమే కాదు, మందిరంలో కూర్చునే మా పెద్దలకు కూడా.

మొదటిది, పనిని విమర్శించండి, మనిషిని కాదు. కథ సాగదీశారు, పుస్తకంలో ఉన్న మంచి ఘట్టం తీసేశారు అనండి. అది మీ హక్కు. ఒకరి రంగును, ముఖాన్ని, పుట్టుకను అనడం విమర్శ కాదు. అది రాయి.

రెండోది, ఎదురుగా అనగలిగిన మాటే రాయండి. ఆ పాప వచ్చి మన మందిరంలో చాప మీద మీ పక్కన కూర్చుంటే ఆ మాట అంటారా? అనలేకపోతే రాయవద్దు. ఇంకొకరు రాసింది పంపవద్దు. లుస్త్రలో ఒక్కొక్కరు ఎన్ని రాళ్లు వేశారో ఎవరూ లెక్కపెట్టలేదు. పౌలు ఒంటికి మాత్రం అన్నీ తగిలాయి. నేను వేసింది చిన్నదే అనుకున్న ప్రతివాడిదీ తగిలింది.

మూడోది, మీరు కాపాడుతున్నది నిజంగా గ్రంథమా, మీ గోడ మీది క్యాలెండరా అని అడుక్కోండి. సినిమా విషయంలో అడుక్కోండి. సంఘం విషయంలో ఇంకా గట్టిగా అడుక్కోండి. కొత్త పాట, కొత్త తర్జుమా, కొత్త విశ్వాసి, కొత్త కోడలు వచ్చినప్పుడు మనకు కలిగే కోపంలో దేవుని మాట ఎంత, మన అలవాటు ఎంత?

మా అమ్మాయి ఆ రాత్రే ఆ బొమ్మ తీసేసింది. పంపిన గ్రూపులో, తప్పు చేశాను, పంపకుండా ఉండాల్సింది అని రాసింది. ఇద్దరు ముగ్గురు నవ్వారట. ఫరవాలేదు డాడీ అంది. తన పని తను చేసింది. మా పని మిగిలింది.

గురువారం ఆ కుటుంబం ఫోను నంబరు సంపాదించాము. ఇప్పుడు వేరే జిల్లాలో ఉంటున్నారు. తల్లి ఎత్తి, మా గొంతు గుర్తుపట్టి, "అయ్యగారూ బాగున్నారా, అమ్మగారు బాగున్నారా" అని ఎంతో మర్యాదగా పలకరించింది. ఆ మర్యాద మమ్మల్ని ఇంకా కుంగదీసింది. అమ్మాయికి ఇమ్మన్నాము. ఫలానా క్రిస్మస్‌కు నీకు అన్యాయం చేశామమ్మా, క్షమించు అన్నాము. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "డ్యూటీకి టైమవుతోందండి, ఉంటాను అయ్యగారూ" అని పెట్టేసింది.

క్షమించానని అనలేదు. అనమని అడిగే హక్కు మాకు లేదు. మేము అడగవలసింది అడిగాము, అంతే.

ఆ రోజు చప్పట్లు కొట్టిన మన సంఘం ముందు కూడా ఒప్పుకోవాలనే ఇది రాశాము. రాబోయే క్రిస్మస్ నాటకంలో ఎవరికి ఏ వేషం అనేది పిల్లలు వాక్యం నేర్చుకున్న దాన్ని బట్టి, గొంతును బట్టి సండే స్కూలు టీచర్లే నిర్ణయిస్తారు. పెద్దలు ఎవరూ ఆ విషయమై మా దగ్గరికి రావద్దు. వస్తే మేము వినము. తెర వెనక నుండి ఎవరూ పాడరు. పాడేవాళ్లు తెర ముందే నిలబడతారు.

లుస్త్ర కథకు ఒక చివర ఉంది. రాళ్ల దెబ్బలు తిన్న పౌలు చుట్టూ శిష్యులు నిలబడ్డారు. అతను లేచి మళ్లీ ఆ ఊళ్లోకే వెళ్లాడు. తర్వాత ఇంకోసారి కూడా వచ్చి అక్కడి శిష్యులను బలపరిచాడు. రాళ్లు వేసిన ఊళ్లోనే దేవుడు సంఘాన్ని నిలిపాడు. మన ఊరి మీద మాకున్న ఆశ కూడా అదే.

ప్రార్థన చేద్దాము.

ప్రభువా, నీవు హృదయాన్ని చూసేవాడవు. మేము పైరూపాన్ని చూసి దండలు వేశాము, పైరూపాన్ని చూసి రాళ్లు వేశాము. మా ఫోనుల్లో, మా మందిరంలో, మా ఇళ్లల్లో మా మాటల వల్ల గాయపడిన పిల్లలను నీవు పేరు పేరునా ఎరుగుదువు. వారిని లేవనెత్తు. మా నాలుకకు కాపలా ఉంచు. తెర వెనక పాడిన ఆ బిడ్డ పాట నీవు విన్నావని మేము నమ్ముతున్నాము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.